క్యాలెండర్‌లోంచి దిగిన విల్లు

ఆ రోజుల్లో నాకు తెలివి తక్కువ, పట్టుదల ఎక్కువ. తెలివి వచ్చేదాకా జాగా ఖాళీగా ఉండకూడదని పట్టుదల వచ్చి కూర్చుందేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. ఒక పని మొదలుపెట్టానంటే, ఎందుకు మొదలుపెట్టానో మరిచిపోయినా సరే, అది పూర్తయ్యేదాకా అన్నం సహించేది కాదు. (అన్నం సహించేది కాదని రాశాను గానీ మా అమ్మ ఇది చదివితే ఒప్పుకోదు. తినే చేసేదాన్ని.) పద్దెనిమిదేళ్ళ వయసులో ఆ పట్టుదలతో నేను సాధించినవి రెండు. ఒకటి, ఇంటర్‌లో అన్నీ పాసై ఫిజిక్స్ ఒక్కటే తప్పడం, మళ్ళీ రాసి మళ్ళీ తప్పడం. రెండోది, నా చేతులతో ఒక విల్లు చెయ్యడం. మొదటిదాని గురించి చుట్టాలంతా ఇప్పటికే కావలసినంత మాట్లాడారు గనక ఇక్కడ రెండోదాని గురించే చెప్తాను.

మాది కొల్లాపూర్ దాటి కృష్ణ వైపు పోయే దారిలో ఒక ఊరు. రాష్ట్రం వచ్చి రెండు మూడేళ్ళయిన కాలం అది. ఫోన్లలో నెట్టు చవకయింది, ఊరికి కొత్త రోడ్డు పడింది, అడవిలో ఉండాల్సిన కోతులు ఆ రోడ్డు మీదుగానే వచ్చి ఊళ్ళో కాపురం పెట్టాయి. పెంకులు జారినా కోతులే, పెరుగు గిన్నె బోర్లాపడినా కోతులే. మా పక్క చేనాయన పట్నం నుంచి పెద్ద పులి బొమ్మ తెచ్చి గట్టు మీద కూర్చోబెడితే రెండు రోజులు భయపడ్డాయి. మూడో రోజు ఒక తల్లి కోతి ఆ పులి వీపు మీద తీరిగ్గా కూర్చుని పిల్లకు పేలు చూసింది. దాంతో ఆయన విసిగి పల్లి మాని పత్తి వేశాడు. పత్తిని కోతులు ముట్టవు. అట్లా ఒకరి తర్వాత ఒకరు పత్తికి మారిపోగా, మా దిక్కున పల్లికాయ వేసే ఎర్రనేల చెల్క చివరికి మాదొక్కటే మిగిలింది.

అది మిగలడానికి కారణం మా అవ్వ, అంటే మేము బాపు అని పిలిచే నాన్నకు తల్లి. తాను పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన ఏటి నుంచి ఆ చెల్కలో పల్లి వెయ్యని ఏడు లేదట. విత్తనం కాయలు తానే ఏరి, తానే కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి దాచేది. ఆమెకు పళ్ళు ఎప్పుడో ఊడిపోయాయి, పల్లీలు నమల్లేదు. అయినా ఇసుకలో వేయించి, ఇంటికి వచ్చిన ప్రతి మనిషి దోసిట్లో పోసి, వాళ్ళు నములుతుంటే చూసి సంతోషపడేది. ముందటి ఏడు పంటలో సగానికి పైగా కోతులు తిన్నాయి. ఈసారి దసరా వెళ్ళాక విత్తనం వేసేటప్పుడే బాపు తేల్చి చెప్పాడు.

“ఈసారి గూడ కోతులే తింటె వచ్చే యాడాది గా చెల్కల పత్తే. మల్ల నన్ను ఎవ్వరు ఏమనొద్దు.”

 అవ్వ కుండ మూతికి గుడ్డ కడుతూ ఆ ముడినే మూడుసార్లు విప్పి కట్టింది. అది చూసి నాకు గుండెలో కలుక్కుమంది. అసలే పరీక్ష తప్పి, మార్చి దాకా పనీపాటా లేకుండా ఇంట్లో కూర్చున్నదాన్ని. చేను నేను కాస్తానని, ఒక్క కాయ పోనివ్వనని అక్కడికక్కడే బాపుకు మాటిచ్చాను. ఎట్లా కాస్తావని ఆయన అడిగాడు. అదంతా నేను చూసుకుంటానన్నాను. (ఏమీ తెలియనప్పుడు మనిషి ఎంత ధీమాగా మాట్లాడగలదో ఆ రోజు నా గొంతు వింటే తెలిసేది.)

పల్లి మొక్కల ఊడలు మన్నులోకి దిగి కాయ కట్టే సమయానికి కోతులు దిగాయి. ముందు డబ్బా కొట్టాను. అవి రెండు రోజులు చెట్టెక్కి విన్నాయి, తర్వాత చెట్టెక్కడం కూడా మానేసి కింద కూర్చునే విన్నాయి. పటాకులు పేల్చాను. తర్వాత వడిసెల తిప్పాను, అందులోంచి వెళ్ళాల్సిన రాయి ముందుకు వెళ్ళకుండా వెనక్కి వెళ్ళి బాపు బండి అద్దం పగలగొట్టింది. ఆ అద్దం ముక్కలు ఏరుతూ ఉండగానే నాకు విల్లు ఆలోచన వచ్చింది. దాని మూలం కూడా నేను తప్పిన పరీక్షలోనే ఉంది. ఒక వస్తువును ఇంత వేగంతో ఇంత కోణంలో విసిరితే అది ఎంత దూరంలో పడుతుంది అన్న ప్రశ్న రెండుసార్లూ వచ్చింది, రెండుసార్లూ నన్ను ముంచింది. ఆ లెక్క కాగితం మీద రాకపోతే పోనీ, చేన్లో చేసి చూపిస్తానని అనుకున్నాను. కోతుల్ని చంపాలని కాదు సుమా. బాణం మొనకు గుడ్డ చుడతాను, వీపు మీద ఒక్కటి తగిలితే చాలు, అడవి దారి పడతాయి. ఈ సంగతి అవ్వకు ముందే చెప్పాను కూడా. మంచిదే, చెయ్యి అంది. ఆమె స్వయంగా మట్టిపెడ్డలతో వాటిని కొట్టేది, గురి నాకంటే నయం.

మొదటి విల్లు వేప కొమ్మతో చేశాను. లాగగానే విరిగింది. రెండోది వెదురు బొంగును చీల్చి చేశాను. అది విరగలేదు గానీ, తాడు కట్టగానే మెలి తిరిగి నా చెంప మీద కొట్టింది. ఉబ్బిన చెంపతో ఊరి వడ్లాయన దగ్గరికి పోయాను. చెవి మీద పెన్సిల్, చేతిలో రంపం లేకుండా ఆయన్ను ఎవరూ చూసి ఉండరు. మేమంతా రంపం తాత అనేవాళ్ళం. ఆయన నా చెంప చూసి, వెదురు ముక్క చూసి, మాట్లాడకుండా అటకెక్కి, ఏ పనికైనా అక్కరకొస్తుందని రెండేళ్ళుగా ఆరబెట్టిన తడ కర్ర ఒకటి దించాడు. నిలబెడితే నా భుజం దాకా వచ్చింది. వంగుతుంది గానీ విరగని కర్ర అట. ఇంకో మాట కూడా చెప్పాడు, ఇట్లాంటిది తన దగ్గర ఇదొక్కటే ఉందని. చేసి పెట్టమని బతిమాలితే ఒప్పుకోలేదు. చేసేది నువ్వే, చెడగొట్టేది నువ్వే అని పనిముట్లు మాత్రం చేతికిచ్చాడు.

పది రోజులు పట్టింది. పొద్దున చేను, మధ్యాహ్నం అమ్మ కాసేపు చేన్లో కూర్చుంటే నేను రంపం తాత కొట్టంలో. కర్ర నడుమ పిడికిలి పట్టేంత జాగా వదిలి, అటూ ఇటూ రెండు రెక్కల్ని చిత్రికతో పలచన చెయ్యాలి. నేను అనుకున్నట్టు విల్లు చెయ్యడమంటే కర్రను వంచడం కాదు, వంగేట్టు చెక్కడం. గోడ మేకుకు నడుమ తగిలించి, తాడు కిందికి లాగి, దూరం నుంచి చూస్తే ఒక రెక్క వంగేది, ఇంకోటి నిటారుగా నిలబడేది. వంగే రెక్క ఇంకా బాగా వంగితే సరిపోతుందని దాన్నే మళ్ళీ చెక్కాను. రంపం తాత పని ఆపి వచ్చి నా చేతిలో చిత్రిక లాక్కున్నాడు.

“వంగేదాన్ని ముట్టకు బిడ్డ. మొండికేసిన కాడ గీకు, గది గూడ జర్రంత.”

ఆ మాట ఆయన కర్ర గురించే చెప్పాడు. మా ఇంట్లో బాపు నా విషయంలో ఎన్నో ఏళ్ళుగా పాటిస్తున్న పద్ధతి కూడా అదేనని నాకు చాలా కాలం తర్వాత తట్టింది. చిత్రిక తర్వాత పగిలిన సీసా పెంకుతో గీకాను, పిండిలా రాలేది. తర్వాత గరుకు కాగితం, ఆ తర్వాత ఆముదం రాసి పిడకల సెగ. రెండు చేతులకూ బొబ్బలొచ్చాయి, పగిలాయి, మళ్ళీ వచ్చాయి. బోరు మోటారు దింపే నైలాన్ తాడులోంచి ఒక పాయ తీసి పేనితే అల్లెతాడయింది. బాణాలకు కందికట్టె ఏరాను. పదో రోజు తాడు లాగి గోడకేసి చూస్తే రెండు రెక్కలూ ఒక్క తీరుగా, నిండుగా వంగాయి. అంతటి సంతోషం నాకు తర్వాత ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు, కోతులు కూడా ఉండేవి కావేమో.

ఆగలేదు. అంత కష్టపడి చేసిన విల్లు చూడ్డానికి ఉత్త కర్రలా ఉండడం నాకు నచ్చలేదు. పైగా ఒక సాకు దొరికింది. పిట్టల్ని బెదరగొట్టడానికి చేన్లలో మెరిసే రిబ్బన్లు కడతారు గదా, విల్లే మెరిస్తే కోతులు దూరం నుంచే బెదురుతాయి అని. అయితే విల్లును ఎట్లా అలంకరించాలి? నేను పుట్టి పెరిగాక దగ్గరి నుంచి చూసిన విల్లు ఒక్కటే ఉంది. మా నడిమింట్లో, ఎరువుల దుకాణం వాళ్ళు ఎప్పుడో ఇచ్చిన క్యాలెండర్‌లో. తేదీల కాగితాలు అయిపోయి ఏళ్ళు గడిచినా, పైన దేవుడున్నాడని బొమ్మను అట్లాగే ఉంచుకున్నాం. అందులో రాములవారు సీతమ్మతో నిలబడి ఉంటారు, భుజాన బంగారు రంగు విల్లు, ఎర్ర పట్టీలు, చివరల్లో తామర మొగ్గలు, మొగ్గల కింద కుచ్చులు, కుచ్చులకు చిరుగంటలు. కాళ్ళ దగ్గర ఆంజనేయస్వామి చేతులు జోడించి కూర్చుని ఉంటాడు. ఆ ఆంజనేయస్వామిని నేను రోజూ చూస్తూనే ఉన్నాను. కానీ విల్లును అలంకరించిన నాలుగు రోజులూ నా కళ్ళు విల్లు దాటి కిందికి దిగలేదు.

ఇంక చూడండి నా పనితనం. గడపలకు పూయగా మిగిలిన పసుపు రంగు రంపం తాత డబ్బాలో ఉంటే అది రెండు పూతలు వేశాను. కుంకుమ రంగుతో పట్టీలు దిద్దాను, క్యాలెండర్‌లో రెక్కకు ఏడుంటే నేనూ ఏడే. రంపం తాత కూడా ఈ దశలో మెత్తబడి, చిన్న చెక్కముక్కల్లో రెండు తామర మొగ్గలు తానే చెక్కి అతికించాడు. అవ్వ పాత పట్టుచీర అంచు ఆమెకు చెప్పకుండా కత్తిరించి పిడికిలి దగ్గర చుట్టాను. అమ్మ ఊలుతో కుచ్చులు కట్టాను. మా ఇంట్లో ఎద్దులున్న రోజుల నాటి గజ్జెలు అటక మీద తుప్పు పట్టి ఉంటే చింతపండుతో తోమి కుచ్చులకు వేలాడదీశాను. కదిలిస్తే ఘల్లుమనేది. ఫొటో తీసి ఫోన్లో స్టేటస్ పెట్టాను. నాతో చదివిన పిల్ల ఒకతె, మీ ఊళ్ళో నాటకం ఎప్పుడు, మేమూ వస్తాం అని రాసింది. ఆ మాట దగ్గరన్నా నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది. అసూయ అనుకున్నాను.

మా దిక్కున కొత్త పనిముట్టు ఏదైనా పసుపు కుంకుమ పెట్టకుండా వాడరు. కొడవలైనా అంతే, ట్రాక్టరైనా అంతే. మా మేనమామ కొత్త ఫోన్ కొంటే దానికీ బొట్టు పెట్టి, ఆ బొట్టు చిన్న రంధ్రంలోకి పోయి మాట వినపడక దుకాణానికి తీసుకుపోయాడు. కాబట్టి శనివారం పొద్దున అవ్వను పిలిచాను. చివరిసారి పోల్చి చూసుకుందామని విల్లును సరిగ్గా క్యాలెండర్ కిందే ఆనించి పెట్టాను. అవ్వ పళ్ళెం పట్టుకుని వచ్చింది. విల్లు వైపు చూసింది, క్యాలెండర్ వైపు చూసింది, మళ్ళీ విల్లు వైపు చూసింది. పళ్ళెం కింద పెట్టి, కొంగు తల మీదికి లాక్కుంది. దీన్ని ఎవరు చేశారని అడిగింది. నేనే అన్నాను. బొమ్మను చూసి చేశావా అని అడిగింది. నా కష్టం గుర్తించినందుకు పొంగిపోయి, చూసే చేశాననీ, ఒక్క చుక్క కూడా తప్పలేదనీ చెప్పాను.

అవ్వ కొబ్బరికాయ కొట్టింది. బొట్లు పెట్టింది, హారతిచ్చింది, మోకాళ్ళ మీద కూర్చుని నేలకు తల ఆనించింది. కొడవలికి ఇంత చెయ్యరు గదా అనుకుంటూనే, అయిపోయాక విల్లు భుజానికి తగిలించుకుని గడప వైపు నడిచాను. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

“యాడికి బిడ్డ? రాములోరి విల్లు వట్టుకొని ఆంజనేయుని పిల్లల మీదికి పోతవా?”

నేను క్యాలెండర్ వైపు తిరిగాను. మొదటిసారి నా చూపు విల్లు దాటి కిందికి దిగింది. ఆంజనేయస్వామి చేతులు జోడించి, ఎంతో నమ్మకంగా, పైకి చూస్తున్నాడు. 

అయినా నేను తొందరగా ఒప్పుకునే మనిషిని కాదు. రంగు గీకేస్తానన్నాను. బొట్టు పెట్టిన దాన్ని చెరిపితే ఇంటికి మంచిది కాదంది. ఇంకో విల్లు చేస్తానన్నాను, కానీ కర్ర ఏది? నువ్వు పెడ్డలతో కొట్టడం లేదా అంటే, పెడ్డ నా చేతిది, విల్లు ఆయనది అంది. ఆఖరికి నా దగ్గరున్న పెద్ద వాదన తీశాను. అడవిలో అన్నదమ్ములు కొట్లాడుకుంటుంటే చెట్టు చాటున నిలబడి రాములవారే పెద్దవాణ్ణి కొట్టలేదా, అతను మాత్రం కోతి కాదా అని. ఇక అవ్వ దగ్గర జవాబు ఉండదనుకున్నాను. ఆమె వక్క నూరుకుంటూ, తల కూడా ఎత్తకుండా చెప్పింది.

“గా ఒక్క బాణానికి ఇప్పటిదాంక మాట వడుతనే ఉన్నడు. ఆయనకే, మెడల దండ ఉంటెగాని ఎవడు ఎవడో తెలువలే. నీకు తెలుస్తదా?”

విల్లు క్యాలెండర్ కింద మేకుకు ఎక్కింది. సంగతి తెలిసి వాడకట్టు ఆడవాళ్ళు చూడ్డానికి వచ్చారు, భజన వాళ్ళు బంతిపూల దండ తెచ్చి వేశారు. రంపం తాత వచ్చి, తన అటక మీది కర్రకు తానే రెండు చేతులూ జోడించి దండం పెట్టి, ప్రసాదం తిని వెళ్ళాడు. ఇంత గౌరవం నా చేతిపనికి ముందూ జరగలేదు, తర్వాతా జరగలేదు. ఇంట్లో ఈ వైభవం నడుస్తుంటే, చేన్లో చింతచెట్టు వైపు నుంచి కోతులు రోజుకు రెండు సాళ్ళు ఖాళీ చేస్తూ వస్తున్నాయి. మొక్క పీకి, కాయ వలిచి, గింజ తిని, పొట్టును వరసగా గట్టు మీద పెట్టేవి. నేను డబ్బా కొట్టి కొట్టి గొంతు పోగొట్టుకున్నాను. బాపు ఒకరోజు వచ్చి ఖాళీ సాళ్ళ వెంట నడిచి, పీకేసిన మొక్కలు ఏరి గట్టు మీద వేసి వెళ్ళాడు. తిట్టినా బాగుండేది. సాయంత్రం ఎవరితోనో ఫోన్లో పత్తి విత్తనాల సంగతి మాట్లాడుతుంటే అవ్వా నేనూ ఇద్దరం విన్నాం.

ఆ సాయంత్రం అవ్వ పక్కన కూర్చుని, నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చి అడిగేశాను, నీకు చేను కావాలా విల్లు కావాలా తేల్చుకో అని. ఆమె దీపం పెట్టడానికి లేచి లోపలికి వెళ్ళింది. నాకు భయమేసింది, పెద్దామెను అంత మాట అన్నందుకు.

పొద్దున లేచేసరికి అవ్వ తలస్నానం చేసి, తడి వెంట్రుకలతో నడిమింట్లో నిలబడి ఉంది. విల్లు మేకు మీద లేదు, ఆమె చేతిలో ఉంది. దండ తీసి జాగ్రత్తగా క్యాలెండర్‌కు వేసింది. నడువు అంది. ఊరి నడుమ నుంచి మేమిద్దరం నడిచాం, ఆమె ముందు, బాణాల కట్టతో నేను వెనక. అడుగు అడుగుకూ గజ్జెలు ఘల్లుమంటుంటే ఒక్కొక్క తలుపూ తెరుచుకుంది. చేన్లో అప్పటికే దండు దిగి ఉంది. ఆ దండుకు పెద్ద ఒకటుండేది, ఎర్ర మొహం, తెగిన చెవి. అది సాలు నడుమ కూర్చుని కాయ వలుస్తూ మమ్మల్ని చూసింది గానీ లేవలేదు. నేను బాణం తీసి విల్లు కోసం చెయ్యి చాచాను. అవ్వ ఇవ్వలేదు.

“నువ్వు ముట్టకు. పాపం తాకితే నాకు తాకని. నీకు పరీచ్చ ఉన్నది.”

 జన్మలో మట్టిపెడ్డ తప్ప ఇంకేదీ ఎవరి మీదా ఎత్తని మనిషి, తన దేవుడి విల్లును ఆ దేవుడి బంటు మీదికి ఎత్తడానికి సిద్ధపడింది, అదీ పాపం నా ఫిజిక్స్ మీద పడకుండా చూసుకుని. వద్దు అవ్వా, పోదాం పద అన్నాను. వినలేదు. (పట్టుదల నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ క్షణంలో తెలిసింది.) ఆకాశం వైపు చూసి, తప్పయితే నన్ను చూసుకో, పోరిని ఏమనకు అని దేవుడికి చెప్పుకుంది. బాణం ఎక్కించింది. లాగబోతే తాడు వేలెడు కూడా రాలేదు. పద్దెనిమిదేళ్ళ బలానికి చెక్కిన విల్లు అది. నన్ను వెనక నిలబడమని, రెండు మోచేతులూ పట్టుకొమ్మంది. నేను ఆమెను పట్టుకున్నా పరవాలేదట, విల్లును మాత్రం ముట్టకూడదట. ఆ ధర్మసూక్ష్మం ప్రకారం నేను ఆమెను లాగాను, ఆమె తాడును లాగింది. గజ్జెలు వణికాయి. అవ్వ కళ్ళు గట్టిగా మూసుకుని వదిలేసింది.

బాణం నాలుగు బారల దూరం కూడా పోలేదు. మెత్తగా దుక్కిలో వాలి పడుకుంది. తెగిన చెవి కోతి వలిచిన కాయ నోట్లో వేసుకుని, నడిచి వచ్చి, బాణాన్ని ఎత్తింది. మొన గుడ్డను వాసన చూసింది. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా పరీక్షించి, చంకలో పెట్టుకుని, తొందర లేకుండా చింతచెట్టు ఎక్కింది. మిగతా దండు దాని వెనకే ఎక్కింది. నేను నోరు తెరిచి చూస్తున్నాను. అవ్వ ఒక కన్ను తెరిచింది, తర్వాత రెండోది తెరిచింది.

“తీస్కపోయిండు,” అంది నెమ్మదిగా. “రాములోరి బాణం ఆయన బంటుకే ముట్టింది. పాపం లేదు బిడ్డ.”

తర్వాత గట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. పళ్ళు లేని నోటితో, కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. మా ఇద్దరి నవ్వుకు చెట్టు మీద కోతులు ఊగడం మాని కిందికి తొంగి చూశాయి.

ఆ రోజు నుంచి అవ్వ ఇంట్లో ఉండలేదు. విల్లు మేకు మీదికి, మేమిద్దరం చేన్లోకి. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా ఆమె చింతచెట్టు వైపు గట్టు మీద, నేను బోరు వైపు గట్టు మీద. ఆమె ఒళ్ళో మట్టిపెడ్డలు, నా ఒళ్ళో ఫిజిక్స్ పుస్తకం. అవి దిగితే ఆమె విసిరేది, గురి తప్పితే నేను పరుగెత్తేదాన్ని. అలంకారమూ లేదు, గజ్జెలూ లేవు, ఉన్నదల్లా కదలకుండా కూర్చోవడమే. దానికంటే కష్టమైన పని నేను ఇంతవరకు చెయ్యలేదు. మధ్యాహ్నం బువ్వ తెచ్చే బాపు, ఎండలో తన తల్లి పెడ్డలు ఏరుకోవడం చూసి, గట్టు మీద కాసేపు నిలబడి, తానూ రెండు విసిరి వెళ్ళేవాడు.

పల్లి పీకే రోజు మొదటి మొక్క బాపే పీకాడు. మన్ను దులిపి, కాయలు చూసి, అవ్వ చేతికిచ్చాడు. అన్నీ దక్కలేదు, చింతచెట్టు వైపు సాళ్ళు పోయినవి పోయాయి. ఒక్క కాయ పోనివ్వనన్న నా మాట అట్లా గాల్లో కలిసింది. కానీ విత్తనానికి కుండ నిండింది, వేయించుకోవడానికీ మిగిలాయి. మార్చిలో నేను పరీక్ష రాశాను. విసిరిన వస్తువు ఎక్కడ పడుతుందన్న ప్రశ్న ఆ ఏడు రానే లేదు. అయినా పాసయ్యాను. ఆ తర్వాతి వానలకు బాపు అన్నట్టే చెల్కలో పత్తి వేశాడు. నేను మొహం ముడుచుకుని చూడ్డానికి పోతే, బోరు పక్కన ఒక మడి మాత్రం దున్ని ఖాళీగా వదిలేసి ఉంది. ఇదెందుకు మిగిల్చావని అడిగాను. అది నాది కాదు, అవ్వది అన్నాడు, నా వైపు చూడకుండానే.

ఇప్పుడు నేను షాద్‌నగర్‌లో ఒక మందుల కంపెనీలో మాత్రల పట్టీలు సరిచూసే ఉద్యోగం చేస్తున్నాను. మేడ మీద కిరాయి గది. అవ్వ పోయి మూడేళ్ళయింది. ఆమె పోయాక అడిగి తెచ్చుకున్నవి ఆ విల్లూ, ఒక బాణమూ మాత్రమే. రంగు పెచ్చులూడింది, ఒక తామర మొగ్గ రాలిపోయింది, గజ్జెలు మళ్ళీ తుప్పు పట్టాయి. బోరు పక్క మడిలో బాపు ఇప్పటికీ పల్లి వేస్తూనే ఉన్నాడు. ఎవరి కోసమని ఎవరూ అడగరు. ప్రతి ఏడూ అమ్మ ఒక సంచి పంపిస్తుంది, నేను ఇసుకలో వేయించడం రాక పెనం మీద మాడ్చుకుని తింటాను.

పోయిన ఆదివారం ఆ సంచిని ఎండబెట్టి లోపలికి వచ్చేసరికి మేడ మీద చప్పుడైంది. చూస్తే ఒక కోతి, సంచి ఒళ్ళో పెట్టుకుని నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని ఉంది. నాకు ఒళ్ళు మండింది. అవి ఉత్త పల్లికాయలు కావు గదా. మేకు మీది విల్లు తీశాను, మిగిలిన ఒక్క బాణం ఎక్కించాను, తాడు చెవి దాకా లాగాను. రెండు రెక్కలూ ఇప్పటికీ ఒక్క తీరుగానే వంగాయి. నాకిప్పుడు కోణాలు వచ్చు, దూరాలు వచ్చు, అది సరిగ్గా తగిలే చోటే కూర్చుంది. గజ్జెలు చిన్నగా మోగాయి. కోతి తల ఎత్తి నా వైపు చూసింది. ఎందుకో ఒక చెయ్యి తాడును మెల్లగా సడలించి, బాణం దించి, నాకు తెలియకుండానే చున్నీని తల మీదికి లాక్కుంది. కొన్ని తిని కొన్ని ఇడిసిపెట్టు, అవి మా అవ్వయి అని దానికి చెప్పాను. అచ్చం అవ్వ గొంతుతో చెప్పాను. చేను కాస్తానని బాపుకు మాటిచ్చిన ఆ పద్దెనిమిదేళ్ళ పిల్ల నన్ను చూసి ఉంటే సిగ్గుతో తల పట్టుకునేది. నేను విల్లు ఒళ్ళో పెట్టుకుని ఎదుటి మెట్టు మీద కూర్చున్నాను. అది తినడం అయ్యేదాకా, అవ్వ మనుషుల్ని చూసినట్టు, నములుతున్న దాని నోటి వైపే చూస్తూ ఉండిపోయాను.